గాలాడని గదిలో తమస్సు ఎవరిది?

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ, ఆదిత్య ఎన్‌క్లేవ్ బ్లాకుల్లో, అటు పంజాగుట్ట దాకా రోడ్డు వెంబడి కాంప్లెక్సుల పై అంతస్తుల్లో పొద్దున్నే సాఫ్ట్‌వేర్ కోచింగ్ బ్యాచ్‌లు మొదలవుతాయి. జావా అయిపోగానే టెస్టింగ్, అది అవగానే డెవాప్స్. పిల్లలు మారుతుంటారు, గదీ పాఠం చెప్పే మనిషీ మారరు. రోడ్డు రొద వినపడకుండా కిటికీలు బిగిస్తారు, తలుపు వేసి ఏసీ పెడతారు. గంట తిరక్కుండానే వెనక వరసల్లో ఆవలింతలు, బోర్డు దగ్గర నిలబడ్డవారికి గొంతు పట్టేయడం, రిసెప్షన్‌లో అమ్మాయికి తల దిమ్ముగా ఉండడం. దీనికి మన దగ్గర తీర్పులు సిద్ధంగా ఉంటాయి: బద్ధకం, శ్రద్ధ లేదు, రాత్రంతా ఫోన్ చూసుంటాడు. భగవద్గీత పద్నాలుగో అధ్యాయం ఏమరుపాటును, అలసత్వాన్ని, నిద్రను తమోగుణం వేసే కట్లుగా చెప్పింది. అయితే ఆ గదిలోని తమస్సు మనిషిదా, గదిదా? ఇది తేల్చకుండా మనిషి మీద తీర్పు చెప్పడం అధర్మమని నా వాదన.

ముందు గది సంగతి చూద్దాం. ఇరవై అడుగుల వెడల్పు, ఇరవై అయిదు అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తు ఉన్న గదిలో దాదాపు 1,41,000 లీటర్ల గాలి పడుతుంది. ఊరికే కూర్చున్న మనిషి గంటకు సుమారు 18 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. నలభై మందికి 720 లీటర్లు. బయటి గాలిలో పది లక్షల పాళ్లకు 420 పాళ్లకు కాస్త అటూఇటూగా ఉండే ఆ వాయువు, కొత్త గాలి అసలు రాకపోతే ఆ గదిలో పన్నెండు నిమిషాలకో వెయ్యి పాళ్ల చొప్పున పెరుగుతుంది. తలుపు సందులు, రాకపోకల వల్ల నిజంగా అంత వేగం ఉండదు. కానీ స్ప్లిట్ ఏసీ మాత్రం దాన్ని తగ్గించదు. అది లోపలి గాలినే లాక్కుని, చల్లబరిచి, మళ్లీ లోపలికే వదులుతుంది. గోడ అవతలి యూనిట్ బయటికి నెట్టేది వేడిని, పాత గాలిని కాదు. 1858లోనే మ్యూనిక్‌లో శాస్త్రవేత్త మాక్స్ ఫాన్ పెట్టెన్‌కోఫర్ వెయ్యి పాళ్లు దాటితే గది గాలి చెడినట్టే లెక్కపెట్టమన్నాడు. ఆ వాయువు విషమని కాదు, మనుషుల ఊపిరీ ఒంటి ఆవిర్లూ ఎంత పేరుకున్నాయో దాంతో తెలుస్తుందని.

మరి లోపలున్నవారికి ఎందుకు తెలియదు? పదిహేడో శతాబ్దంలో తర్కసంగ్రహం రాసిన తెలుగువాడు అన్నంభట్టు వాయువుకు రూపం లేదు, స్పర్శ ఉంది అన్నాడు. కదలని గాలిలో ఆ స్పర్శ కూడా అందదు. ముక్కు కొద్ది నిమిషాల్లోనే వాసనకు అలవాటుపడుతుంది. ప్రత్యక్షం చేతులెత్తేసినచోట అనుమాన ప్రమాణం, అంటే గుర్తును బట్టి కారణాన్ని పట్టుకోవడం, కావాలి. నైయాయికుల అన్వయ వ్యతిరేకాలు ఇక్కడ అచ్చంగా సరిపోతాయి: ఇది ఉంటే అది ఉంది, ఇది లేకపోతే అది లేదు. గదిలోకి వచ్చిన గంటా రెండు గంటలకు తలనొప్పి, కళ్ల మంట, మగత మొదలై, కిందికి దిగి టీ తాగేలోపు తగ్గుతున్నాయా? ఆదివారం రాకుండా ఉంటున్నాయా? ఒకరికే కాక పక్కవారికీ వస్తున్నాయా? మూడింటికీ అవునంటే గదినే అనుమానించాలి. గోడ మూల చెమ్మ మరక, ఏసీ వేయగానే వచ్చే ముక్కవాసన, కొత్త ప్లైవుడ్ పార్టిషన్ ఘాటు, ఇవన్నీ హేతువులే. ఇక శబ్ద ప్రమాణం ఉండనే ఉంది. బయటినుంచి అప్పుడే తలుపు తీసినవాడు ‘ఏంటీ ఉక్క’ అంటే, అప్పటికి ఆ గదిలో నమ్మదగ్గ సాక్షి అతనే. మనం అతన్నే ‘కూర్చో, అలవాటైపోతుంది’ అంటాం.

భోజనమయ్యాక ఎవరికైనా కునుకొస్తుంది కదా, పరిశోధనలూ ఒక్క మాట మీద లేవు కదా అనవచ్చు. నిజమే. 2012లో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలవారు వెయ్యి పాళ్ల దగ్గరే నిర్ణయశక్తి తగ్గడం చూశామన్నారు. తర్వాత డెన్మార్క్‌లో శుద్ధమైన కార్బన్ డయాక్సైడ్‌ను మూడు వేల పాళ్లకు పెంచినా తేడా కనిపించలేదు. కానీ అదే మోతాదు మనుషుల ఊపిరీ ఆవిర్లతో కలిసి పెరిగినప్పుడు తలనొప్పి, మగత వచ్చాయి, ఆలోచన మందగించింది. పెట్టెన్‌కోఫర్ మాటకు ఇది బలమే తప్ప ఖండన కాదు. భోజనం కునుకు సంగతికొస్తే, పొద్దుటి బ్యాచ్‌లోనూ తల వాలుతుంటే ఆ కారణం నిలవదు.

ఇంతకన్నా గట్టి ఆక్షేపణ వైరాగ్యం వైపునుంచి వస్తుంది. మునులు గుహల్లో తపస్సు చేయలేదా? గాలి వీచని చోట కదలని దీపాన్నే కదా గీత యోగికి పోలిక తెచ్చింది? మనసు గట్టిదైతే గది ఏం చేస్తుంది? ఈ మాటను తేలిగ్గా తీసేయలేం, ఎందుకంటే ఓర్పును మనం నిజంగానే గౌరవిస్తాం. అయితే దీపాన్ని విసురుగాలి నుంచి కాపాడటం వేరు, దానికి గాలే అందకుండా చేయడం వేరు. గాలే అందకపోతే ఆ దీపం ఆరిపోతుంది. శ్రీకాళహస్తిలో వాయులింగం ముందు దీపం రెపరెపలాడుతుంటే స్వామి ఉనికికి అదే గుర్తని భక్తులు నమ్ముతారు. ఛాందోగ్య ఉపనిషత్తులో ఇంద్రియాల పోటీ కథ కూడా ఇటే మొగ్గుతుంది: వాక్కు, చూపు, వినికిడి, మనసు ఒక్కొక్కటే వెళ్లిపోయినా మనిషి బతికాడు, ప్రాణం లేవబోయేసరికి మిగతావన్నీ వేళ్లతో సహా కదిలాయి. మనసు ప్రాణాన్ని ఆనుకుని ఉందని ఉపనిషత్తే చెబుతుంటే, ఊపిరి చెడ్డచోట మనోబలాన్ని నిలదీయడం ఎలా? పైగా ముని గుహను తానే ఎంచుకున్నాడు. నెల జీతానికి ఆ కుర్చీలో కూర్చున్న అమ్మాయి ఆ గదిని ఎంచుకోలేదు.

కిటికీ తెరిస్తే అమీర్‌పేట చౌరస్తా పొగ లోపలికొస్తుందన్నది కాదనలేని మాట. రద్దీ వేళ రోడ్డువైపు కిటికీ మూసే ఉంచాలి. కానీ సన్నటి ధూళి మూసిన కిటికీ సందుల్లోంచీ వస్తుంది, లోపలి ఊపిరికి మాత్రం బయటికి చాలినంత దారి ఉండదు. వెనకవైపు కిటికీ, దానికి ఎదురుగా ఒక ఎగ్జాస్ట్ ఫ్యాన్, శుభ్రం చేసిన ఏసీ ఫిల్టర్ పెద్ద ఖర్చులేమీ కావు. అసలు ఖర్చు సీట్లు తగ్గించడంలో ఉంది. 1948 ఫ్యాక్టరీల చట్టంలోని పదహారో సెక్షన్, ఆ చట్టం వచ్చాక కట్టిన ఫ్యాక్టరీల్లో ఒక్కో కార్మికుడికి కనీసం 14.2 ఘనపు మీటర్ల చోటు ఉండాలంది. ఆ కొలతతో మన గదిలో పట్టేది దాదాపు పది మంది. కోచింగ్ గది ఫ్యాక్టరీ కాదు, కనుక ఆ సెక్షన్ దానికి వర్తించేది కాదు. నలభైని పది చేయమని ఎవరూ అడగరు. బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ మధ్య తలుపులూ కిటికీలూ బార్లా తెరిచిన పది నిమిషాలు అడగవచ్చు. ఆ పది నిమిషాలను టైమ్‌టేబుల్లో రాయాల్సింది గదిని అద్దెకు తీసుకున్నవారే. అది రాసిన తర్వాత కూడా వెనక వరసలో ఎవరైనా తూగుతుంటే, అప్పుడు శ్రద్ధ గురించి మాట్లాడవచ్చు.