గిరియాత్రయందు మితము

పర్వతారోహణము పుణ్యప్రదమని మనవారు యుగయుగములుగా విశ్వసించుచు వచ్చిరి. కాని ఆ పుణ్యము శిఖరముయొక్క ఔన్నత్యమును బట్టియు, త్రోవలోని ప్రమాదమును బట్టియు హెచ్చుచుండునా యను ప్రశ్నకు ఎవరికి వారు సమాధానము చెప్పుకొనక తప్పదు. మా విశాఖపట్నపు ద్వారకా నగర్‌లో యువకులు నలుగురు కూడినచోట నేడు హిమాలయ యాత్రల ప్రసంగము వచ్చును. అందు మంచు త్రొక్కి వచ్చినవాని మాటకు గౌరవ మెక్కువ. మంచులేని ఋతువును, తన కాలికి తగిన నడిమి కొండను ఎన్నుకొన్నవానిపై చిన్నచూపు. ఆ చిన్నచూపు అధ్యాత్మ విచారమునకు నిలువజాలదని నా దృఢ విశ్వాసము.

మనుచరిత్రమునందలి ప్రవరుడు సిద్ధుడొసగిన పాదలేపమును నమ్ముకొని హిమాద్రి కేగెను. ఆ లేపము మంచునీటికి కరగిపోగా, ఇల్లు చేరు తెరువు గానక, అగ్నికార్యమునకు వేళ మించుచున్నదనియు, వృద్ధులైన తలిదండ్రులు తనకై యెదురుచూచుచుందురనియు అతడు పరితపించెను. అతని నిష్ఠయం దేలోపమును లేదు. తనది కాని శక్తిని తన శక్తిగా నెంచుకొనుటయే లోపము. యాత్రకు పోవుట ఎంత ధర్మమో, తన కొఱకు కాచుకొని యున్నవారి కడకు మరలి వచ్చుటయు అంత ధర్మమే.

కేదారనాథుని సంప్రదాయమును చూడుడు. సముద్రమట్టమునకు 3,583 మీటర్ల యెత్తున నున్న ఆ యాలయమునకు ఏటేట శీతకాలారంభమున తలుపులు మూసి, ఉత్సవమూర్తిని దిగువనున్న ఉఖీమఠమునకు వేంచేపు చేయించి, మంచు తొలగువఱకు అచ్చటనే అర్చింతురు. స్వామియే ఋతువు నెఱిగి దిగి వచ్చుచుండగా, భక్తుడు మంచునకు వెనుదీయుట భక్తిలోప మెట్లగును?

కష్టము లేని తపస్సు తపస్సేనా యని యడుగువారు కలరు. ఈ ప్రశ్నను త్రోసివేయరాదు. శరీరక్లేశమునకు భయపడి కర్తవ్యమును విడుచుట రాజస త్యాగమని గీత పదునెనిమిదవ యధ్యాయము చెప్పుచున్నది. దంభాహంకారములతో దేహమును పీడించు ఘోర తపస్సు ఆసురమని పదునేడవ యధ్యాయము హెచ్చరించుచున్నది. భయమొక వంక, అహంకార మొక వంక. ఈ రెంటికిని లోబడక తన బలమును తానెఱిగి నడచుటయే మితము. భోగమును, దేహపీడనమును రెంటిని కాదన్న తథాగతుడైన బుద్ధుని భిక్షువులు మన బావికొండ, తొట్లకొండలపై సముద్రమునకు ఎదురుగా విహారములు కట్టుకొని సాధన చేసిరి. అవి ఎంతమాత్రము ఉన్నత శిఖరములు కావు.

మా ద్వారకా నగర్ బస్ స్టేషన్‌లో బస్సెక్కినవారు కొంతసేపటికి సింహాచలము మెట్లదారి మొదలగు తొలిపావంచా కడ దిగుదురు. అటనుండి సుమారు వేయి మెట్లు. ఒక వృద్ధురాలు వంగి, మెట్టును నీటితో తుడిచి, పసుపు రాచి, కుంకుమబొట్టు పెట్టి, ఆయాసము తీఱువఱకు నిలిచి, కొండపై స్వామియైన అప్పన్నను తలచి, పై మెట్టునకు చేయి చాచును. మంచుగడ్డపై నడచువాని చిత్తమంతయు తన పాదము జాఱకుండుటయందే లగ్నమై యుండును. ఈమె పాదమునకు రాయి ఆధారమై యుండుటచే చిత్తము స్వామికై విడుదల పొందుచున్నది. ప్రవరుని కథను అంకితము గొన్న కృష్ణదేవరాయలు 1516లో దర్శించి శాసనము వేయించిన కొండ యిదియే. ఆషాఢ శుద్ధ చతుర్దశినాడు వేలకొలది జనులు ఈ గిరి చుట్టును 32 కిలోమీటర్లు నడతురు. కాళ్లు బొబ్బలెక్కును, వాన తడుపును. కష్టము లేదనుటకు వీలులేదు. ఐనను పసివానిని భుజమున నెత్తుకొన్న తండ్రియు, కఱ్ఱ యూతతో నడచు తాతయు కలిసి పూర్తిచేయగల కష్టమది.

కావున కొండ నెన్నుకొనువాడు ముందుగా ఋతువును, పిదప తన వయస్సును, అటుపై తోడివారిలో మిక్కిలి బలహీనుని నడకను విచారింపవలెను. ఈ విచారణ పిఱికితనము కాదు. అహంకారమును అణచు సాధనలో మొదటి యభ్యాసము. దిగి వచ్చిన మఱునాడు మనుష్యుడు తన యింటి పనిని, ఇరుగుపొరుగు సేవను మునుపటికంటె శ్రద్ధతో చేయగలిగెనా, అతడెక్కిన కొండ చాలినంత యెత్తైనదే.