నేల అన్నాక, ఆ నేల ఎవరి పేర?

కథలో అలంకారాన్ని మనం సాధారణంగా శిల్పం ఖాతాలో రాసేస్తాం. ఉపమానం బాగుంది, వ్యంగ్యం పదునుగా ఉంది అని మెచ్చుకుని ముందుకు పోతాం. కానీ కథకు కంఠస్వరాన్నిచ్చేది అలంకారమే. ఎవరిమీద జాలిపడాలో, ఎవర్ని చూసి నవ్వాలో చెప్పకుండానే చెప్పేది ఆ స్వరమే. అందుకే ఇది నీతికి సంబంధించిన ప్రశ్న కూడా.

1910లో వచ్చిన గురజాడ ‘దిద్దుబాటు’నే తీసుకోండి. చదువుకున్న గోపాల్రావు సానిపాట మోజులో అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరతాడు. భార్య కమలిని ఉత్తరం రాసిపెట్టి, పుట్టింటికి వెళ్ళిపోయినట్టు నమ్మించి, మంచం కింద దాక్కుంటుంది. అతని పెద్దపెద్ద మాటలే అతన్ని బయటపెడతాయి. ఉపన్యాసం కావలసిన కథను వ్యంగ్యం తేలికపరిచింది. మొగుణ్ణి చూసి నవ్వే హక్కు భార్యకు దక్కింది. చిన్న విషయం కాదది. అయితే ఆ తేలికదనం బరువు ఎవరు మోశారు? హాస్యమంతా నౌకరు రాముడి యాస మీద నడుస్తుంది. ఆ సాని అసలు కథలోకే రాదు. ఆమె వచ్చి నోరు విప్పితే ఆ నవ్వు అట్లాగే నిలిచేదా?

తప్పు వ్యంగ్యానిది కాదు. అదే గురజాడ ‘కన్యాశుల్కం’లో (1897, 1909) వ్యంగ్యాన్ని మధురవాణి చేతికే ఇచ్చాడు. అక్కడ నవ్వేది ఆమె, నవ్వులపాలయ్యేది పెద్దమనుషులు. అలంకారం ఒకటే, పట్టుకున్న చెయ్యి మారింది.

ఇక మా కడప జిల్లా సంగతి. వీరపునాయునిపల్లె వైపు ఊరిని ఊహించుకుని ఒక కథ రాస్తున్నామనుకుందాం. కక్షల్లో మొగుణ్ణి పోగొట్టుకున్న ఆడమనిషి గురించి రెండు వాక్యాలు. ఒకటి: ‘ఆమె బీటలువారిన సీమ నేల.’ రెండోది: ‘ఆ పొద్దు ఆమె ఎనుముకు నీళ్ళు పెట్టలేదు.’

మొదటి వాక్యం ఆమెను పైకెత్తుతుంది. స్వరం గంభీరమవుతుంది, మన గుండె బరువెక్కుతుంది. కానీ ఆమెను నేల అన్నాక, ఆ నేల ఎవరి పేర ఉందని అడగడం కష్టం. నేలకు అప్పులుండవు, సాక్ష్యం చెప్పాలా వద్దా అన్న భయం ఉండదు. రెండో వాక్యంలో ఆమె ఇంకా మనిషే. రేపు ఆ ఎనుమును అమ్మాలా, మేపాలా అన్న ప్రశ్న మిగిలే ఉంది.

అయితే తగ్గించి చెప్పడం కూడా నిర్దోషి కాదు. ఓర్పును ఆడవాళ్ళకు నగలా తగిలించిన సమాజంలో, గొంతు పెంచని కథనం ఆ ఓర్పునే అందంగా చూపించవచ్చు. ఎనుము దగ్గరే కథ ఆగిపోతే, ఆమె మౌనం మనకు సౌందర్యం, ఆమెకు మాత్రం శిక్ష.

కాబట్టి ఏ అలంకారం మంచిదన్నది కాదు ప్రశ్న. ఒక వాక్యం రాశాక, దాని తర్వాత ఆమె మాట్లాడటానికి చోటు మిగిలిందా? విమర్శకులుగా మనం శిల్పాన్ని మెచ్చుకునే ముందు ఈ చోటును కొలవాలి. రాసేవాళ్ళుగా, మన కలం ఒక చక్కటి పోలిక దగ్గర ఆగిపోయినప్పుడు మరీ ఎక్కువగా.