ముందు చెప్పినవాడికి అభయం

విభీషణుడి పేరు పిల్లలకు పెట్టుకున్నవాళ్లని నేను చూడలేదు. ధర్మం వైపు నిలబడ్డాడు, రాముడి మనిషి, పైగా చిరంజీవి. అయినా ఆయన పేరు చెప్పగానే మనకు గుర్తొచ్చేది ‘ఇంటి గుట్టు లంకకు చేటు’ అన్న సామెతే. నికుంభిలలో ఇంద్రజిత్తు హోమం పూర్తికాకముందే కొట్టాలని లక్ష్మణుడికి దారి చూపించింది ఈయనే. తప్పు చేసేవాళ్ల గుట్టు బయటపెట్టడం మంచిదేనని బుద్ధి ఒప్పుకుంటుంది. మనసే కాస్త వెనక్కి జరుగుతుంది. మనసు పడే ఈ ఇబ్బందిని పట్టించుకోకుండా, గుట్టు చెప్పించడాన్నే ప్రధాన ఆయుధం చేసుకున్న చట్టం ఒకటుంది. కాంపిటీషన్ చట్టం.

కాంట్రాక్టర్లు ‘రింగ్’ అయ్యారని, వ్యాపారులు సిండికేట్ అయ్యారని పేపర్లో చదువుతుంటాం కదా. పోటీ పడాల్సిన కంపెనీలు లోపల్లోపల కుమ్మక్కై ధర ఖాయం చేసుకోవడాన్ని ఈ చట్టం భాషలో కార్టెల్ అంటారు. దొంగతనాల్లో ఇదో వింత రకం. ఇల్లు దోచుకుంటే తెల్లారేసరికి తెలుస్తుంది. ఇక్కడ మనం బిల్లు కట్టి, థాంక్స్ చెప్పి మరీ బయటికొస్తాం. దోపిడీ జరిగిందని దోచుకున్నవాళ్లకి తప్ప ఎవరికీ తెలియదు.

ఇది నేరమన్న ఊహ కూడా అన్నిచోట్లా పాతదేం కాదు. అమెరికా 1890లోనే షెర్మన్ చట్టం తెచ్చింది, నిజమే. కానీ 1897లో జర్మనీ అత్యున్నత న్యాయస్థానం ముందుకొచ్చిన కేసు చూడండి. శాక్సనీలో కలప గుజ్జు తయారుచేసేవాళ్లు ఒక సంఘం పెట్టుకుని, సరుకంతా సంఘం ద్వారానే అమ్మాలని రాసుకున్నారు. ఒక సభ్యుడు బయట అమ్మేశాడు. సంఘం దావా వేసింది. కోర్టు సంఘం వైపే నిలబడింది. ఒప్పుకున్న మాట తప్పావు, జరిమానా కట్టు అంది. వందేళ్లు తిరక్కుండానే అదే యూరప్‌లో మాట తప్పినవాడికి బహుమానం ఇవ్వడం మొదలైంది. నీతి ఇంత పూర్తిగా తలకిందులైన విషయాలు చట్టాల చరిత్రలో ఎక్కువ ఉండవనుకుంటాను.

మలుపు తిరిగింది అమెరికాలో. కుమ్మక్కు సంగతి తనంతట తాను చెప్పుకున్న కంపెనీని వదిలేసే పద్ధతి అక్కడి న్యాయశాఖకు 1978 నుంచే ఉంది. కానీ వదిలేస్తారన్న గ్యారంటీ లేదు, అందుకని ఏడాదికి ఒకరు వస్తే గొప్ప. 1993లో నిబంధనలు మార్చారు. దర్యాప్తు మొదలవకముందే, అందరికన్నా ముందొచ్చి చెప్తే కంపెనీ మీద కేసు ఉండదు, నిజం చెప్పి సహకరించిన ఉద్యోగులకి జైలూ ఉండదు. రెండోవాడికి ఆ అభయం లేదు. ఇక నెలకొకరు చొప్పున రావడం మొదలైంది. 1996లో యూరోపియన్ కమిషన్, 2006లో జపాన్, 2009లో మన కాంపిటీషన్ కమిషన్ అదే దారి పట్టాయి. మన పేపర్ల భాషలో దీన్ని ‘అప్రూవర్‌గా మారడం’ అనొచ్చు. కాకపోతే ఇక్కడ క్యూ ఉంటుంది. ఎవరు ఏ తేదీన, ఎన్ని గంటలకు వచ్చారో రాసుకుంటారు. మన దేశంలో మొదటివాడికి జరిమానాలో 100 శాతం వరకు మాఫీ, రెండోవాడికి 50 వరకు, మూడోవాడికి 30 వరకు. పశ్చాత్తాపానికి టైమ్‌స్టాంప్ అన్నమాట.

యూరప్‌లో పెద్ద ట్రక్కులు తయారుచేసే కంపెనీలు 1997 నుంచి 2011 దాకా, 14 ఏళ్లు, ధరల మీద కుమ్మక్కయ్యాయి. పొగ తగ్గించే టెక్నాలజీ ఎప్పుడు తేవాలో, దాని ఖర్చు కొనేవాడి నెత్తిన ఎలా వేయాలో కూడా కలిసే అనుకున్నాయి. 2016లో యూరోపియన్ కమిషన్ వేసిన జరిమానా మొత్తం 293 కోట్ల యూరోలు. ఒక్క డైమ్లర్‌కే వంద కోట్లు దాటింది. మాన్ కంపెనీకి సున్నా. ఆ 14 ఏళ్లూ మాన్ కూడా ఆ కుమ్మక్కులో భాగమే. ముందు వెళ్లి చెప్పింది, అంతే తేడా.

మనకి దగ్గరి కేసు బీరుది. 2021 సెప్టెంబర్‌లో మన కమిషన్ యునైటెడ్ బ్రూవరీస్‌కి దాదాపు 752 కోట్లు, కార్ల్స్‌బర్గ్‌కి దాదాపు 121 కోట్ల రూపాయలు జరిమానా వేసింది. చాలా రాష్ట్రాల్లో బీరు ధర పెంచాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. ఆ అనుమతి కోసం ఎంత అడగాలో కంపెనీలు ముందే మాట్లాడుకున్నాయని కమిషన్ తేల్చింది. ఆ రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. శాబ్‌మిల్లర్‌ని కొనేసిన ఏబీ ఇన్‌బెవ్ అందరికన్నా ముందొచ్చి చెప్పింది కాబట్టి దానికి పూర్తి మాఫీ. వ్యవహారం తర్వాత అప్పీళ్లకెక్కింది, అది వేరే కథ.

ఇది న్యాయమేనా? ఒకే తప్పు, ఒకే గది, ఒకడికి వందల కోట్లు, ఇంకొకడికి సున్నా. వాడు మారాడా లేదా అని చట్టం అడగను కూడా అడగదు. ఇక్కడ నాకు మళ్లీ రామాయణమే గుర్తొస్తుంది, ఈసారి హనుమంతుడు. శరణు కోరి వచ్చిన విభీషణుణ్ని సుగ్రీవుడు నమ్మలేదు. హనుమంతుడి వాదన చాలా లౌక్యంగా ఉంటుంది. వాలిని చంపి సుగ్రీవుడికి పట్టం కట్టారని విన్నాడు, తనకూ రాజ్యం దొరుకుతుందన్న ఆశతోనే, ఆలోచించుకునే వచ్చాడు, కాబట్టి చేర్చుకోవచ్చు అంటాడు. 1993 నాటి న్యాయశాఖ లెక్కా సరిగ్గా అదే. మనసు మారిందని కాదు, లాభం ఉందని నమ్ము. ఇందులో నాకు పెద్ద అభ్యంతరం లేదు. కార్టెల్ నిలబడేది వాళ్లలో వాళ్లకున్న నమ్మకం మీద. దొంగల మధ్య నమ్మకాన్ని పాడుచేయడం పాపమని నేననుకోను. దీన్ని క్షమ అనకుండా బేరం అంటే చాలు.

నన్ను నిజంగా ఇబ్బంది పెట్టేది బేరం కాదు, ఆ బేరంలో సొంతదారు లేకపోవడం. విభీషణుడికి అభయం ఇచ్చినవాడు సీతను పోగొట్టుకున్నవాడు. ఇక్కడ అభయం ఇచ్చేది ప్రభుత్వం, పోగొట్టుకున్నది ట్రక్కు కొన్నవాడు. 2014లో యూరోపియన్ యూనియన్ నష్టపోయినవాళ్లు దావా వేయడం సులువు చేస్తూ ఒక డైరెక్టివ్ తెచ్చింది. అందులోనే ఇంకో నిబంధన పెట్టింది. కంపెనీ చెప్పుకున్న ఒప్పుకోలు వాంగ్మూలాన్ని దావా వేసినవాళ్లకి చూపించమని ఏ కోర్టూ ఆదేశించకూడదు. అంటే తప్పు ఒప్పుకున్నారు, కానీ ఎవరి పట్ల తప్పు చేశారో వాళ్లు మాత్రం వినకూడదు!

ఎందుకంటే వింటే దావాలు పెరుగుతాయి, దావాలు పెరిగితే గుట్టు చెప్పడానికి ఎవరూ రారు. ఆ భయం ఉత్తది కాదు. 2015 ప్రాంతం నుంచి చాలా దేశాల్లో ఇలా ముందుకొచ్చేవాళ్లు తగ్గారు, దానికి చెప్పే కారణాల్లో నష్టపరిహారం దావాలు ఒకటి. దాంతో, ముందొచ్చినవాడిని ఆ దావాల నుంచి కూడా ఇంకా కాపాడాలన్న వాదన మొదలైంది. నన్నడిగితే అక్కడ గీత గీయాలి. జరిమానా ప్రభుత్వానిది, మాఫీ చేసుకోనీ. కొనుక్కున్నవాడి దగ్గర లాగిన డబ్బుని మాఫీ చేయడానికి అదెవరు? అలాగైతే ఒక్కడూ రాడు, 14 ఏళ్ల కుమ్మక్కు 28 ఏళ్లు సాగుతుంది అంటారు లాయర్లు. సాగొచ్చు. అయినా ఆ నష్టాన్ని భరించాలో వద్దో తేల్చే చోట భరించేవాడు కూడా ఉండాలి కదా.

మన దగ్గర 2024లో కొత్త నిబంధనలొచ్చాయి. ఒక కార్టెల్ గురించి చెప్పుకున్న కంపెనీ, తాను ఉన్న ఇంకో కార్టెల్ గుట్టు కూడా చెప్తే మొదటి కేసులో మరో 30 శాతం వరకు తగ్గింపు. ఇక వసూలైన జరిమానా చట్టప్రకారం భారత సంచిత నిధికి జమ అవుతుంది. నష్టపోయినవాళ్లు పరిహారం కావాలంటే ట్రిబ్యునల్‌కి వేరే అర్జీ పెట్టుకోవచ్చు. ఒక్కో బీరు సీసా మీద పోయిన కొన్ని రూపాయల కోసం, ఏనాటివో బిల్లులు వెతికి పట్టుకుని.