రాక్షసుని చూచి నవ్వుట

మొన్నటి సెలవులలో పాలకోడునందలి మా యింట, నా మనుమడు టెలివిజనులో ‘సింప్సన్స్’ అను అమెరికా బొమ్మల హాస్యమును చూచుచుండెను. అది 1999 నాటి భాగము. అందొక మహాకాయ మృగము విమానమును పట్టి యూపగా వాడు పకపక నవ్వెను. అదెవరని యడిగితిని. “గాడ్జిల్లా తాతా! ఊళ్లు తొక్కేస్తుంది” అనెను. వానికి తెలిసినదంతయు నంతే.

అసలు కథ వేరు. 1954 మార్చిలో అమెరికావారు బికినీ దీవియొద్ద హైడ్రోజను బాంబును పరీక్షించిరి. దూరమున చేపలు పట్టుచున్న జపాను పడవపై విషపుబూడిద కురిసి, అందలి 23 మందియు జబ్బుపడిరి. సెప్టెంబరులో ఒకడు మరణించెను. ఆ నవంబరులోనే ఇషిరో హోండా తీసిన ‘గాడ్జిల్లా’ విడుదలయ్యెను. బాంబుల తాకిడికి సముద్రమునుండి లేచిన మృగము టోక్యోను కాల్చుటయే యందలి కథ. 1945లో ఆ నగరము నిజముగా కాలుచుండగా చూచిన కన్నులే మరల ఆ చిత్రమును చూచినవి. ఒకరి దుఃఖమునుండి పుట్టిన భయమును, ఆ దుఃఖ మెరుగకయే పరిహసింపవచ్చునా?

కూడదనియే నాకు మొదట తోచెను. అసలుతో సరిచూడని నకలుపై ఏనాడును సంతకము చేయని గుమాస్తాను గదా! మన తోలుబొమ్మలాటలో కేతిగాడును బంగారక్కయు ఎంత వెకిలిగా నాడినను, చూచువారికి రామకథ తెలిసియే యుండును; అందుచేత ఆ నవ్వునకు దోషము లేదని వాదము కూడ సిద్ధము చేసికొంటిని.

ఇంతలో నా బాల్యము నాకే యడ్డు వచ్చెను. కె. వి. రెడ్డిగారి 1957 నాటి ‘మాయాబజార్’ను టూరింగు టాకీసులో చూచినప్పుడు నాకెనిమిదేండ్లు. ఎస్. వి. రంగారావుగారి ఘటోత్కచుని చూచి, మాయాశశిరేఖగా సావిత్రిగారు ఆ రాక్షసుని ఠీవి నొలికించుట చూచి, కడుపు చెక్కలగునట్లు నవ్వితిని. అతడు కర్ణుని శక్తికి కూలునని నాకప్పుడు తెలియదు. కొన్నేండ్లకు తెరుక్కూత్తులో ఆ మరణమును చూచి యేడ్చితిని. ముందు నవ్వియుండకున్న అంతగా నేడ్చియుందునా? చదువరులే చెప్పవలెను.

ఆ రాత్రి మనుమనికి పడవ కథ చెప్పితిని. వాడు చాలసేపు మాటాడక, “ఆ పడవ పేరేంటి తాతా?” అనెను.

“అదృష్ట డ్రాగను.”

నవ్వవలెనో కూడదో తెలియక వాడు నా ముఖము వంక చూచెను.