సరైన పార్టు ఎవరికి సరైనది?

నీతి అంటే ఏందని అడిగితె అందరు హరిశ్చంద్రున్ని చూపెడతరు. నేను మా నాయిన షెడ్డును చూపెడత. వరంగల్‌ల మందు కొట్టే తైవాన్ పంపులు, నీళ్ళ ఇంజన్లు బాగుచేసి ఆయన నన్ను చదివించిండు. మా ఇంట్ల డిగ్రీ ముఖం చూసినోన్ని నేనే మొదలు. ఇప్పుడు సర్కారు బడిల భౌతికశాస్త్రం చెప్తున్న. చెడిపోయిన ఇంజనుకు సరైన పార్టు ఏది అనేది మెకానిక్‌ల ప్రశ్న అనుకుంటరు. అది మన అందరి ప్రశ్న.

సామాన్ల దుకాణంల కౌంటరు అవతలి మనిషి మొదట అడిగేది: ఏ కంపెనీ? ఒరిజినలా, డూప్లికేటా? మా నాయిన మొదట అడిగేది: కొలత ఎంత? బేరింగు మీద 6203 అని ఉంటె లోపలి వ్యాసం 17 మిల్లీమీటర్లు, బయటిది 40, మందం 12. అది ఏ దేశంల పుట్టినా అంతే, ఎవడు చేసినా అంతే. ఆయిల్ సీలు మీద గూడ అట్లనే మూడు అంకెలుంటయి. అంకెలు చెరిగిపోతె వెర్నియర్ పెడతడు. ఆయన చదివింది అయిదో తరగతి. వెర్నియర్‌ను నేను ఇంటర్ల మార్కుల కోసం పట్టుకున్న, ఆయన పొట్ట కోసం పట్టుకున్నడు.

ఒరిజినల్ అయినంత మాత్రాన సరైనది కాదు. సిలిండరు అరిగి పెద్దగైనంక కంపెనీ స్టాండర్డ్ రింగు పెట్టె విప్పి వేసినా కంప్రెషన్ నిలవదు. సిలిండరు బోరు కొట్టించి 0.25 ఓవర్‌సైజు పిస్టను, రింగులు వెయ్యాలె. అదీ అరిగితె 0.50. ఇంజను పుట్టినప్పుడు ఎట్లున్నదని కాదు, ఇయ్యాల ఎట్లున్నదని కొలవాలె. మనుషుల దగ్గరికొచ్చేసరికి ఈ తెలివి ఏమైతదో! నేను కొలువుల చేరిన కొత్తల స్టాఫ్‌రూంల నా కొలత ఎవరూ అడగలే. ఏ కోటా అని అడిగిండ్రు.

మేం మాదిగోళ్ళం. మా తాత మోటలకు తోలు తొండాలు కుట్టేటోడు. తోలు ఎండితె ముడుచుకుంటది, నీళ్ళు తాగితె ఉబ్బి బిగుస్తది. ఎంత ఉబ్బుతదో లెక్కగట్టి కుట్టు వేసేటోడు. ఊరి వ్యవసాయానికి అప్పటి స్పేర్ పార్టులు మా వాడలనే తయారైనయి. ఆ తొండంల నుంచి వచ్చిన నీళ్ళు పొలానికి పనికొచ్చినయి. ఆ తోలు కుట్టిన చెయ్యి మాత్రం ఊరి చేదబావికి పనికిరాలే. తర్వాత ఆయిల్ ఇంజన్లు, కరెంటు మోటర్లు వచ్చినయి, మోట పోయింది. పార్టు చేసే చెయ్యి పార్టు కొనే చెయ్యి అయింది. కులం పనిని పంచడం కాదు, పనిచేసేటోళ్ళను విడగొట్టి ఒకరి మీద ఒకరిని నిలబెట్టడం అని అంబేద్కర్ 1936లనే తేల్చి చెప్పిండు. ఇంజను వచ్చినా ఆ మెట్లు కూలలే. కౌంటరుకు ఆ దిక్కు ఎవరున్నరో, ఈ దిక్కు ఎవరున్నరో ఒకసారి చూడండి.

ఇగ అసలు సంగతి. నేను డిగ్రీ చదివే రోజుల్ల పత్తికి మందు కొట్టే కాలంల ఒక ఆసామి తైవాన్ పంపు తెచ్చిండు. మందు డబ్బా మూత కాడ, పెట్రోలు ట్యాంకు కాడ కారుతున్నది. "సైకిల్ ట్యూబు కోసి వాషరు వెయ్యి, పది రూపాలల్ల పోతది" అన్నడు. కోస్తె కొలత సరిగ్గనే వస్తది. కని సైకిల్ ట్యూబు రబ్బరు పెట్రోలుకు ఉబ్బి మెత్తవడతది. పురుగుమందుల కలిపే సాల్వెంటుకూ అంతే. తోలు ఉబ్బితె బిగుస్తది, ఈ రబ్బరు ఉబ్బితె వదులైతది. నైట్రైల్ రబ్బరైతె తట్టుకుంటది. ఆసామి పక్కన మా వాడ పిల్లగాడు నిలబడ్డడు. నిండితె ఇరవై కిలోలు దాటే ఆ మిషన్‌ను వీపున మోసేది వాడు. మా నాయిన అన్నడు: "ఇది నీ మిషన్‌కు సరిపోతది పటేలా, వీని వీపుకు సరిపోదు."

ఆసామి మిషన్ తీసుకొని ఇంకో షెడ్డుకు పోయిండు.

ఆ రాత్రి మా అమ్మ అడిగింది: "నీ నీతి తోటి పొయ్యి మండుతదా? నువ్వు వెయ్యకుంటె ఇంకొకడు వేస్తడు. పిల్లగానికి కూలి గూడ కావాలె గద." ఈ మాటకు జవాబు చెప్పకుండ నీతి గురించి మాట్లాడొద్దు. ఆసామి కూడ కోటీశ్వరుడు కాదు. 1997-98ల ఈ జిల్లాల పత్తి రైతులు అప్పులకు ప్రాణాలు తీసుకున్నరు. అప్పు నిజం. కని మిగిలిన పది రూపాలు ఎవరి జేబులకు, కారిన మందు ఎవరి ఒంట్లెకు? 1971 క్రిమిసంహారక మందుల నియమాలల్ల మందు కొట్టేటోళ్ళకు రక్షణ దుస్తులియ్యాలని ఉన్నది. 2017ల యవత్మాల్‌ల పత్తి చేన్లల్ల మందు కొడుతూ 20 మంది దాకా చచ్చిపోయిండ్రు. నియమం కాయితం మీద ఉన్నది, మందు వీపు మీద ఉన్నది. ఇగ పిల్లగాడు "ఎట్లనో ఒకట్ల వెయ్యి" అన్నా అది ఒప్పుకోలు కాదు. కూలి పోతదనే భయం అట్ల మాట్లాడిపిస్తది.

మా నాయిన అమ్మకు మాట తోటి జవాబియ్యలే. దుకాణంల నైట్రైల్ షీటు కొన్నడు. తాత రంపె తీసి నూరి, వాషర్లు కోసుడు మొదలుపెట్టిండు. షీటు ఖర్చే తీసుకునేటోడు, కోసిన కూలి అడగలే. కొందరు ఆసాములు తిరిగొచ్చిండ్రు, కొందరు రాలే. ఆ వాషర్లకు కంపెనీ పేరు లేదు, పెట్టె లేదు. దుకాణం భాషల అవి డూప్లికేట్లు. ఇంజనుకూ సరిపోయినయి, వీపుకూ సరిపోయినయి.

మన విద్యార్థి మిత్రులకు, ఉద్యమ మిత్రులకు నేను చెప్పేది ఇంతే. సరైన పార్టు ఏదో తెలవాలంటె మూడు అడగాలె. కొలత ఎంత? దేన్ని తట్టుకోవాలె? తట్టుకోకుంటె ఎవరి మీద కారుతది? మొదటి రెండిటికి మా బడి పుస్తకాలల్ల జవాబున్నది. మూడోది పుస్తకాలు రాసినోళ్ళకు తట్టలే, ఎందుకంటె వాళ్ళ వీపు మీద ఎన్నడూ ఏ డబ్బా లేదు.