చదువుకు అధికారి ఎవరు?

ఏ విద్యకైనా అధికారి, అంటే దానికి అర్హుడు, ఎవరన్నది వేదాంత గ్రంథాలు మొదటే తేల్చుకునే ప్రశ్న. 2008లో మచిలీపట్నంలో ఏర్పడిన కృష్ణా విశ్వవిద్యాలయం ముందూ ఇవాళ అదే ప్రశ్న ఉంది. ఇంటర్ కాగానే వచ్చే పిల్లలను ఉద్దేశించే మన కాలేజీలు నడుస్తున్నాయి. 1977 నవంబరు 19 ఉప్పెనలో దివిసీమలో సర్వం పోగొట్టుకున్న పదేళ్ల పిల్లలకు ఇప్పుడు అరవై దగ్గరపడుతోంది. వాళ్లలో ఒకరో, పెళ్లితో చదువాగిన గుడివాడ ఇల్లాలో, పెడన కలంకారీ అద్దకం పనివాడో ఇప్పుడు డిగ్రీ చదువుతానంటే అధికారులేనా? ముమ్మాటికీ అధికారులే. అంతేకాదు, బతుకులో వాళ్లు గడించిన తెలివిని చదువులో భాగంగా ఒప్పుకోవాలి కూడా.

ఛాందోగ్యోపనిషత్తులో సత్యకామ జాబాలుడు తన గోత్రం తల్లికే తెలియదని ఉన్నదున్నట్టు చెప్పాడు. హారిద్రుమత గౌతముడు అతణ్ని శిష్యుడిగా తీసుకున్నాడు. కథను సాధారణంగా ఇక్కడే ఆపేస్తాం. అసలు విశేషం ఆ తరవాత ఉంది. గురువు నాలుగు వందల బక్కచిక్కిన ఆవులను అప్పగిస్తే, అవి వెయ్యి అయ్యేదాకా తిరిగి రానని శిష్యుడు ఏళ్ల తరబడి మంద కాశాడు. బ్రహ్మవిద్య అతనికి ఎద్దు, అగ్ని, హంస, నీటిపక్షి నోట అందింది. తిరిగొచ్చిన శిష్యుడి ముఖంలోని తేజస్సును గౌతముడు గుర్తించాడు. మీరే చెప్పాలని సత్యకాముడు కోరితే అదే విద్యను ఏ లోటూ లేకుండా బోధించాడు. మంద దగ్గర నేర్చినదాన్ని తోసిపుచ్చలేదు, పాఠాన్నీ తగ్గించలేదు. పెడన పనివాడి విషయంలో చేయవలసిందీ ఇదే. కరక్కాయ, పటిక పడితే రంగు నిలుస్తుందని అతని చేతికి తెలుసు. ఎందుకు నిలుస్తుందో రసాయన శాస్త్రం అతనికి పూర్తిగా చెప్పాలి.

ఈ కథను ఆధారం చేసుకోవడానికి గట్టి అభ్యంతరం ఉంది. ఇలా నిజం చెప్పగలవాడు బ్రాహ్మణుడేనని గౌతముడన్నాడు. శూద్రులకు వేదవిద్యాధికారం లేదనడానికి శంకరులు బ్రహ్మసూత్ర భాష్యంలో ఈ కథనే చూపారు. దీన్ని దాచి ఉపనిషత్తును పొగడడం అన్యాయం. ఆ గీత గీయడం తప్పే. అయితే బ్రహ్మజిజ్ఞాసకు అదే శంకరులు కావాలన్న వివేకం, వైరాగ్యం, శమదమాదులనే మనోనిగ్రహం, ముముక్షుత్వమనే మోక్షకాంక్ష, ఈ నాలుగింటిలో కులమూ లేదు, వయసూ లేదు. శ్వేతకేతువు తండ్రి, కొడుకు చదువు ముగిశాక, తనకు తెలియని విద్య కోసం క్షత్రియుడైన ప్రవాహణ జైవలి దగ్గరికి వెళ్లాడు. మన సంప్రదాయంలో నిలబెట్టుకోవలసిన పాయ ఇది.

ఇలాంటివాళ్లను చేర్చుకుంటే ప్రమాణాలు పడిపోతాయన్న భయానికి ఉమ్మడి రాష్ట్రమే జవాబు చెప్పింది. దేశంలో మొదటిదైన సార్వత్రిక విశ్వవిద్యాలయాన్ని 1982లో స్థాపించి, బడి చదువు లేనివాళ్లనూ అర్హత పరీక్షతో డిగ్రీలో చేర్చుకుంది. సడలించింది ప్రవేశాన్నే, పట్టా కోసం పరీక్షలు రాయవలసిందే. కానీ దూరవిద్యలో తోటివారితో కూర్చుని రోజూ వాదించుకునే అవకాశం తక్కువ. అందుకే పెద్ద వయసులో చదువుకొచ్చేవాళ్లకు తరగతి గది కావాలి.

కుర్రవాళ్ల సీట్లు పోతాయని కొందరంటారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో మరపడవలకు వేట నిషేధం. వేసవి సెలవులకు తరగతి గదులు ఖాళీ అయ్యేదీ ఆ రోజుల్లోనే. నాగాయలంక మత్స్యకారుడు అప్పుడు వచ్చి కూర్చుంటే ఎవరి సీటూ పోదు. వరి కూలీలకు నాట్లు, కోతల రోజుల్లో పరీక్షలు పెట్టకపోతే చాలు. కృష్ణా విశ్వవిద్యాలయం పెద్దలు వచ్చే వేసవికే అలాంటి తరగతి ఒకటి తెరవాలని కోరుతున్నాను.