చేబదులుకి చిట్టా

అయినవాళ్ళకిచ్చిన డబ్బుకి లెక్క రాయవచ్చునా? రాస్తే చుట్టరికం చెడుతుందంటారు కొందరు. రాయకపోతే డబ్బుతోపాటు చుట్టరికమూ పోతుందంటారు ఇంకొందరు.

మా ఆడపడుచు కొడుకుని కాలేజీలో చేర్పిస్తూ మా దగ్గర 60,000 రూపాయలు చేబదులు పుచ్చుకుంది. "నెలకో 5,000 సర్దేస్తాను వదినా" అంది. బీకాం చదువుతూ టాలీ నేర్చుకుంటున్న మా అమ్మాయి ఊరుకుంటుందా? అత్త పేర ఖాతా తెరిచి, 'లోన్స్ అండ్ అడ్వాన్సెస్' కింద పెట్టి, "ఇది మన ఆస్తి కింద లెక్కమ్మా" అంది. ఆడపడుచు ఆస్తి కావడం అప్పుడే విన్నాను!

ఆ లెక్కలో ప్రతి పద్దుకీ రెండు వైపులుంటాయి. బ్యాంకు ఖాతాలో తగ్గిన సొమ్ము అత్త ఖాతాలో కనబడి తీరాలి. రెండు వైపులూ సరిపోతే గాని టాలీ ఒప్పుకోదు. వెనిస్ వర్తకులు పాటించే ఈ పద్ధతిని లూకా పాచోలీ 1494లోనే పుస్తకంలో వివరించి అచ్చు వేయించాడు.

మన మనసు రాసుకునే చిట్టా ఇలా ఉండదు సుమండీ. దానికి ఒకటే వైపు. ఇచ్చింది రాసుకుంటుంది, పుచ్చుకున్నది మరిచిపోతుంది. నా పురిటికి ఆవిడ నెల రోజులు వచ్చి చేసిన చాకిరీ ఏ ఖాతాలో వేయాలని అమ్మాయినడిగాను. "రూపాయల్లో చెప్పమ్మా, వేస్తాను" అంది. చెప్పలేకపోయాను. చెప్పకూడదు కూడా. ఆ చాకిరీకి వెల కట్టిన రోజున అది కూలి అవుతుంది. అందుకే, లెక్కకొచ్చేదాన్ని లెక్కలో పెట్టేస్తే, లెక్కకి రానిదాని జోలికి ఎవరూ పోరనిపిస్తుంది నాకు.

పద్దు రాస్తే ఎక్కువ మేలు అప్పు తీసుకున్నవాళ్ళకే. ఆవిడ అయిదు నెలలు కట్టింది. బాకీ 35,000. అంతే, పైసా ఎక్కువ లేదు. ఖాతా లేకపోతే ఏమవుతుంది? ఆవిడ పెళ్ళిలో కొత్త పట్టుచీర కట్టుకుంటే, "మన బాకీ ఉంచుకుని చీరలా!" అని మనసు సణుగుతుంది. ఖాతాలో చీరకి చోటు లేదు. అందుకే ప్రతి నెలా దాని నకలు ఆవిడకీ పంపమన్నాను. రహస్యంగా రాసుకునే లెక్క నేరారోపణలా ఉంటుంది. ఇద్దరూ చూసే లెక్క ఒప్పందం.

1963 నాటి లిమిటేషన్ చట్టం చేబదులుకి మూడేళ్ళ గడువు పెట్టింది. ఈలోగా బాకీదారు సంతకం పెట్టి ఒప్పుకుంటే గడువు మళ్ళీ మొదలవుతుంది. లేకపోతే కోర్టుకెళ్ళే దారి మూసుకుపోతుంది. చుట్టాల నోటికి మాత్రం ఏ గడువూ లేదు. ఇరవై ఏళ్ళనాటి బాకీ కూడా పెళ్ళి పందిట్లో వడ్డనకి వస్తుంది.

కాబట్టి ఇచ్చే రోజునే తేల్చుకోవాలి, ఇది బదులా, కానుకా అని. బదులైతే రాయాలి, చూపించాలి, తీరిన రోజున సున్నా చుట్టాలి. మధ్యలో వదులుకోవాలనిపిస్తే ఆ మాట ఆవిడతో చెప్పి, ఆనాడే ఖాతా మూసెయ్యాలి. పుస్తకంలో బాకీ ఉంచి, నోటితో "పోన్లే" అనడం మంచితనం కాదు. ఇక కానుకైతే రాయనే కూడదు, తలచుకోనూ కూడదు. ఆ రెండోదే కష్టం. అందులో ఏ టాలీ సాయం చెయ్యదు. ఏమంటారు?